తూకం గది ఫైళ్లు లెక్కల గదిలో: విండోస్, ఉబుంటు, మ్యాక్‌ల మధ్య షేర్డ్ ఫోల్డర్లను కమాండ్ లైన్ నుంచి తెరిచే పద్ధతి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. గేటు దగ్గర లారీలను తూచే కాటా గదిలో విండోస్ కంప్యూటర్ ఉంటుంది, లెక్కలు చూసే గదిలో ఉబుంటు నడుస్తుంటుంది, నాణ్యత నివేదికలు రాసేవారి దగ్గర మ్యాక్‌బుక్ ఉంటుంది. తోతాపురి కాయ రోజంతా దిగుతున్న రోజుల్లో తూకం చీటీల ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లడం మొదలైతే, ఏది తాజా ఫైలో ఎవరికీ తెలియని పరిస్థితి వస్తుంది. ఆ మూడు యంత్రాలూ ఒకే రౌటర్ మీద ఉన్నప్పుడు ఒక ఫోల్డర్‌ను అందరూ నేరుగా చదువుకోవచ్చు. ఈ పనిని మౌస్‌తో కూడా చేయవచ్చు గానీ, కుదరనప్పుడు తెర మీద తెరుచుకునే కిటికీలు ఎందుకు కుదరలేదో చాలాసార్లు చెప్పవు. ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైన్ మాత్రం ఒక సంఖ్యతో సహా కారణం చెబుతుంది, అందుకే ఇలాంటి మిశ్రమ కార్యాలయాలకు అదే సరైన దారి అని నా అభిప్రాయం.

ఆదేశాలను ఇక్కడ పలికే తీరులోనే తెలుగు లిపిలో ఇస్తున్నాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టాలి, పెద్ద అక్షరం అవసరమైన చోట విడిగా చెబుతాను. తూకం, లెక్కలు అన్నవి మనం పెట్టుకునే పేర్లు. షేర్ (అంటే నెట్‌వర్క్ మీద పంచుకునే ఫోల్డర్) పేరును, ఖాతా పేరును ఖాళీ లేకుండా ఇంగ్లీషులోనే పెట్టుకోవడం మేలు, లోపలి ఫైళ్లకు తెలుగు పేర్లు ఉండవచ్చు.

ముందుగా కాటా గది విండోస్ యంత్రానికి ఒక స్థిరమైన ఐపీ చిరునామా ఉండాలి. రౌటర్ సెట్టింగులలో ఆ యంత్రానికి ఒక చిరునామాను కేటాయించి ఉంచితే చాలు, ఇక్కడ దాన్ని 192.168.1.20 అనుకుందాం. నెట్‌వర్క్ రకం పబ్లిక్ అని కాకుండా ప్రైవేట్ అని ఉందో లేదో కూడా చూడాలి, ఎందుకంటే పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ బయటి యంత్రాలను సాధారణంగా లోపలికి రానివ్వదు.

తరువాత పంచుకోవడానికే ఒక ప్రత్యేక ఖాతా తెరవాలి. ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, ఆ తరువాత వచ్చే ఇబ్బందుల్లో అధిక భాగం ఇక్కడే పుడతాయి. విండోస్‌లోకి ప్రవేశించడానికి వాడే పిన్ నెట్‌వర్క్ మీద పనిచేయదు. పాస్‌వర్డ్ లేని ఖాతాను విండోస్ తనంతట తానే నెట్‌వర్క్ నుంచి అడ్డుకుంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నడిచే యంత్రమైతే యూజర్ పేరు బదులు ఈమెయిల్ ఇవ్వాల్సి వస్తుంది. వీటన్నిటినీ ఒక స్థానిక ఖాతా తప్పిస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇవి కొట్టాలి:

నెట్ యూజర్ లెక్కలు * /యాడ్
నెట్ షేర్ తూకం=డి:\తూకం /గ్రాంట్:లెక్కలు,రీడ్

నక్షత్రం గుర్తు పెట్టినందువల్ల పాస్‌వర్డ్‌ను విడిగా అడుగుతుంది, అది తెర మీద కనిపించదు. లెక్కల గదివారు తూకాన్ని చదివితే చాలు, దిద్దాల్సిన పని లేదు కాబట్టి రీడ్ అనుమతి మాత్రమే ఇచ్చాం. షేర్‌కు ఇచ్చే అనుమతి ఒకటి, డిస్కులోని ఫోల్డర్‌కు ఉన్న అనుమతి మరొకటి అని గుర్తుంచుకోవాలి. రెండింటిలో ఏది కఠినమో అదే చెల్లుతుంది.

ఇక ఉబుంటు వైపు. పింగ్‌కు (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే ఆదేశం) జవాబు రాకపోయినంత మాత్రాన దారి లేదని అనుకోకూడదు, విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపి ఫైళ్లను అనుమతించే సందర్భాలున్నాయి. అడగాల్సింది ఫైళ్లు పంచుకునే ద్వారమైన 445వ పోర్టును:

ఎన్‌సీ -వీజడ్ 192.168.1.20 445

అది తెరిచి ఉంటే కావలసిన ప్యాకేజీలు పెట్టుకుని, అవతలి యంత్రం ఏయే షేర్లు ఇస్తోందో చూడాలి. రెండో ఆదేశంలోని ఎల్, యూ రెండూ పెద్ద అక్షరాలు. సుడో అంటే ఆ ఆదేశాన్ని అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడపమని చెప్పడం.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ సిఫ్స్-యుటిల్స్ ఎస్‌ఎంబీక్లయింట్
ఎస్‌ఎంబీక్లయింట్ -ఎల్ //192.168.1.20 -యూ లెక్కలు

జాబితాలో తూకం కనబడితే ఖాతా, పాస్‌వర్డ్ సరిగానే ఉన్నట్టు. అప్పుడు ఒక ఖాళీ ఫోల్డర్ తయారుచేసి దాని మీద షేర్‌ను మౌంట్ చేయాలి, అంటే అతికించాలి:

సుడో ఎంకేడిర్ /ఎంఎన్‌టీ/తూకం
సుడో మౌంట్ -టీ సిఫ్స్ //192.168.1.20/తూకం /ఎంఎన్‌టీ/తూకం -ఓ యూజర్‌నేమ్=లెక్కలు,యూఐడీ=1000,ఐఓచార్‌సెట్=యూటీఎఫ్8

ఉబుంటులో మొదట తెరిచిన యూజర్ సంఖ్య మామూలుగా 1000 ఉంటుంది, ఐడీ అని కొట్టి సరిచూసుకోవచ్చు. చివరిగా ఇచ్చిన యూటీఎఫ్8 మాట తెలుగు ఫైళ్ల పేర్ల కోసం. మౌంట్ కాకపోతే వచ్చే సంఖ్యను చదవాలి. 13 అంటే పేరో పాస్‌వర్డో తప్పు, లేదా అనుమతి లేదు. 2 అంటే ఆ పేరుతో షేర్ లేదు. 112 వచ్చినప్పుడు అవతలి యంత్రం పడిపోయిందని సందేశం చెబుతుంది గానీ, యంత్రం నిక్షేపంగా నడుస్తూ, రెండు వైపులా ఎస్‌ఎంబీ (విండోస్ ఫైళ్లు పంచుకోవడానికి వాడే భాష) వెర్షన్ కుదరనప్పుడు కూడా ఇదే సంఖ్య వస్తుంది. పని అయ్యాక విడదీయడానికి వాడే ఆదేశం యూమౌంట్. అందులో యూ తరువాత ఎన్ ఉండదు.

ప్రతి ఉదయం ఇదంతా కొట్టనక్కర్లేకుండా /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఒక వరుస రాసి పెట్టుకోవచ్చు. ఆ ఫైలును ఎవరైనా చదవగలరు కాబట్టి పాస్‌వర్డ్‌ను అందులో రాయకూడదు. రూట్ (లినక్స్‌లో సర్వాధికారాలున్న ఖాతా) మాత్రమే చదవగలిగే మరొక ఫైలులో యూజర్‌నేమ్=, పాస్‌వర్డ్= అని రెండు వరుసలు రాసి, దానికి సీహెచ్‌మాడ్ 600 ఇచ్చి, దాని దారిని క్రెడెన్షియల్స్= అన్న చోట చూపాలి. నోఫెయిల్ అన్న మాటను ఆ వరుసలో తప్పక చేర్చాలని నా సలహా. కాటా గదిలో కరెంటు లేని రోజున లెక్కల గది యంత్రం మొదలవుతూనే నిలిచిపోకుండా అది కాపాడుతుంది.

మ్యాక్‌లో పని ఇంకా చిన్నది. సొంత హోం ఫోల్డర్‌లోనే ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టుకుంటే సుడో అవసరం లేదు:

ఎంకేడిర్ ~/తూకం
మౌంట్_ఎస్‌ఎంబీఎఫ్‌ఎస్ //లెక్కలు@192.168.1.20/తూకం ~/తూకం

ఏ వెర్షన్‌లో కలిసిందో ఎస్‌ఎంబీయుటిల్ స్టాట్‌షేర్స్ -ఏ అని అడిగితే తెలుస్తుంది.

దీనికి ఎదురు దిశలో, ఉబుంటులోని ఫోల్డర్‌ను విండోస్ నుంచి తెరవాలంటే, ఉబుంటులో సాంబా ఉండాలి. విండోస్ మాట్లాడే ఎస్‌ఎంబీ భాషను యూనిక్స్ యంత్రాలకు నేర్పిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల ఆరంభంలో మొదలుపెట్టారు, ఇది నేటికీ ఉచితంగా లభిస్తోంది. సుడో ఎస్‌ఎంబీపాస్‌వర్డ్ -ఏ లెక్కలు అన్న ఆదేశంతో (రెండో మాటను ఎస్‌ఎంబీపీఏఎస్‌ఎస్‌డబ్ల్యూడీ అన్న అక్షరాలతోనే కొట్టాలి) ఇప్పటికే ఉన్న లినక్స్ యూజర్‌కు సాంబా పాస్‌వర్డ్ ఇవ్వాలి. లినక్స్ పాస్‌వర్డ్, సాంబా పాస్‌వర్డ్ వేర్వేరు. ఆ తరువాత ఎస్‌ఎంబీ.కాన్ఫ్ ఫైలులో షేర్ పేరు, దారి, అనుమతి ఉన్న యూజర్లు రాసి, టెస్ట్‌పార్మ్ అన్న ఆదేశంతో తప్పులు చూసుకుని, ఎస్‌ఎంబీడీ సేవను తిరిగి మొదలుపెట్టాలి. ఉబుంటు యంత్రం చిరునామా 192.168.1.30 అనుకుంటే, విండోస్‌లో ఇలా కలపాలి:

నెట్ యూజ్ జడ్: \\192.168.1.30\లెక్కలు * /యూజర్:లెక్కలు

ఇక్కడ 53 వస్తే ఆ చిరునామాకు దారి లేదు, 67 అయితే ఆ పేరుతో షేర్ లేదు, 1326 అయితే పేరో పాస్‌వర్డో తప్పు. 1219 కొంత తికమక పెడుతుంది: ఒకే సర్వర్‌కు ఒకే సమయంలో రెండు వేర్వేరు ఖాతాలతో కలవడాన్ని విండోస్ ఒప్పుకోదు. పాత బంధాన్ని నెట్ యూజ్ /డిలీట్‌తో తెంచి మళ్లీ కలపాలి. అడ్మినిస్ట్రేటర్ కిటికీలో కలిపిన డ్రైవ్ మామూలు ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు కాబట్టి, ఈ ఆదేశాన్ని మామూలు కిటికీలోనే కొట్టాలి. పెద్ద ఫోల్డర్లను తెచ్చుకోవడానికి రోబోకాపీని /ఈ /జడ్ అన్న స్విచ్‌లతో వాడితే, మధ్యలో నెట్‌వర్క్ తెగినా ఆగిన చోటు నుంచి సాగుతుంది. /ఎంఐఆర్ స్విచ్‌ను మాత్రం ఆలోచించకుండా వాడకూడదు, మూలంలో లేని ఫైళ్లను అది గమ్యంలో చెరిపేస్తుంది.

పాత స్కానర్ కలవడం లేదని ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ను తిరిగి తెరవమని సలహా ఇచ్చేవారు కనబడతారు. దయచేసి ఆ పని చేయవద్దు. 2017 మే నెలలో వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ వెర్షన్‌లోని లోపం ద్వారానే. మన చిత్తూరు జిల్లాతో సహా రాష్ట్రంలో పలు పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చిలోనే విడుదల చేసింది. స్కానర్‌ను మార్చడమో, దాన్ని ఈమెయిల్ పద్ధతిలో వాడడమో మేలు.

ఇక తెలుగు పేర్ల విషయం. దారి కలిశాక కూడా మనవారికి ఎదురయ్యే చిక్కులు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి, వీటి గురించి ఇంగ్లీషు పుస్తకాలలో అంతగా దొరకదు. ఉబుంటు డిస్కులో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. ప్రతి తెలుగు సంకేతానికీ (కంప్యూటర్ ఒక్కో అక్షరానికీ, గుర్తుకూ వాడే యూనికోడ్ సంఖ్యకు) 3 బైట్లు పడతాయి, అందులో గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు మరొకటి లెక్కకు వస్తాయి. శ్రీకాళహస్తి అన్న పేరు కంటికి ఐదు అక్షరాలే అయినా 12 సంకేతాలు, అంటే 36 బైట్లు. విండోస్ లెక్క వేరు కాబట్టి, రైతు పేరు, ఊరు, మండలం, తేదీ అన్నీ చేర్చి అక్కడ పెట్టిన పొడుగాటి పేరును సాంబా షేర్ తిప్పికొడుతుంది. మొత్తం 85 సంకేతాలలోపు ఉంచుకోవాలి.

తేదీలో, సమయంలో రెండు చుక్కల గుర్తు (:) వాడకూడదు, విండోస్ దాన్ని ఒప్పుకోదు. కంపెనీ పేరు మీద తెరిచిన ఫోల్డర్‌ను ‘ప్రై. లి.’ అని చుక్కతో ముగించినా విండోస్‌తో పేచీయే. చుక్క తీసేయాలి.

ఐత్వం మరొక చిక్కు. రైతు అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. 2017లో మ్యాక్‌కు కొత్త ఫైల్ సిస్టమ్ రాకముందు వాడిన డిస్కులు పేర్లను విడదీసిన రూపంలోనే దాచేవి. ఆ డిస్కుల నుంచి ఉబుంటుకు నేరుగా నకలు చేస్తే, ఒకేలా కనిపించే రెండు ‘రైతులు’ ఫోల్డర్లు పక్కపక్కన తేలవచ్చు. అలా నకలు చేసేటప్పుడు మ్యాక్ నుంచే నడిపే ఆర్‌సింక్‌కు (ఫైళ్లను నకలు చేసే ఆదేశం) --ఐకాన్వ్=యూటీఎఫ్-8-మ్యాక్,యూటీఎఫ్-8 అని చెప్పాలి.

కంటికి కనిపించని మరో సంకేతం పొల్లు తరువాత చేరుతుంది. కొన్ని కీబోర్డులు ‘జూన్’ అన్న మాట చివర దాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు, తెర మీద రెండూ ఒకటే. ఫైలు కళ్లెదుటే ఉన్నా పేరు కొడితే దొరకడం లేదంటే మొదట దీన్నే అనుమానించాలి. ఎల్‌ఎస్ | హెక్స్‌డంప్ -సీ అని కొట్టి (సీ పెద్ద అక్షరం) బైట్లను చూస్తే, తెలుగు సంకేతాలన్నీ ఈ0 తో మొదలవుతాయి, ఈ అదృశ్య సంకేతం మాత్రం ఈ2 80 8సీ అని బయటపడుతుంది. అప్పుడు ఎల్‌ఎస్‌లో కనిపించిన పేరును ట్యాబ్ కీతో పూర్తిచేయించి, ఎంవీ ఆదేశంతో పేరు మార్చి, ఆ ఫోల్డర్‌ను వాడే గదులన్నిటిలో ఒకే తెలుగు కీబోర్డు పెట్టించాలి.