తుక్కు కార్ల సరుకు ఎత్తే ట్రిప్పు ఎక్కడ దెబ్బతింటోంది?

బెజవాడ ఆటోనగర్ నుంచి చిన్న ట్రక్కుతో తుక్కు యార్డులు తిరిగేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందులివి.

వెళ్లేసరికి సరుకు సిద్ధంగా లేదు

అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. "మంగళవారం గొల్లపూడి" అని క్యాలెండర్ చూసి బండి తీస్తే, అక్కడ కారు ఇంకా విప్పనే లేదు, "రేపు రా అన్నా" అంటారు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేయండి. "సరుకుందా?" అని మాత్రం అడగొద్దు, ఎవరైనా ఉందనే అంటారు. ఎన్ని ఇంజన్లు దించారు, ఆయిల్ తీశారా, డ్రమ్ము ఎంత నిండింది అని అడిగి, వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకోండి. సరుకు తక్కువైతే ఆ యార్డును మరుసటి ట్రిప్పుకు తోసేయండి.

కిలోమీటర్లు అవే, డీజిల్ ఎక్కువ

పొద్దున్నే గొల్లపూడిలో ఇంజన్లు, గేర్‌బాక్సులు ఎక్కించి, ఆ బరువుతో బెంజిసర్కిల్ దాటి, ఊరికి అవతలి వైపున్న గన్నవరం దాకా వెళ్లి ఆటోనగర్‌కు వస్తున్నారా? బరువును ఊరేగిస్తున్నట్టే. తేలిక సరుకు ముందు, బరువు సరుకు ఆఖర్న ఎత్తండి.

దీనికో చిక్కుంది. ఒకసారి మావాళ్లు రేడియేటర్ల మీద గేర్‌బాక్సు దించారు. తుక్కేగా అనుకున్నాం, వాటి సందున దాచిన రెండు మంచి హెడ్‌లైట్లు పిండయ్యాయి. అందుకే తేలిక సరుకు వెనక్కి సర్ది, క్యాబిన్ వైపు సగం ఖాళీగా ఉంచండి. పక్క డోరు దించి ఇంజన్లు అక్కడ పెట్టించొచ్చు.

బండి నిండింది, తూకం లేదు

టైర్లు, సీట్లు, బంపర్లు చోటు తింటాయి. ఇంజన్ల ట్రిప్పులో కలపకుండా వాటికో రోజు కేటాయించండి. బంపర్లు యార్డులోనే కోయిస్తే మేలు.

బ్యాటరీ యాసిడ్ కారింది

పడుకోబెట్టారు కాబట్టి. ప్లాస్టిక్ ట్రేలో నిలబెట్టి, టెర్మినళ్లకు టేపు చుట్టండి. బరువు తగ్గుతుందని యాసిడ్ కాలువలో పోయించేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు నమోదైన రీసైక్లర్‌కే చేరాలి.

ఈ-వే బిల్లు అడిగారు

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం, తీశాకే బండి కదలాలి.

రెండు కాటాల్లో రెండు తూకాలు

ఖాళీ బండి తూకం పాత చీటీలోది వాడి ఉంటారు. ఆ రోజుది ఆ రోజే వేయించండి. డ్రైవరు, క్లీనరు రెండుసార్లూ బండిలోనే ఉండాలి, లేదా రెండుసార్లూ దిగాలి.