ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పడానికి ఏ యాప్‌లు పెట్టుకోవాలి?

గుంటూరు బ్రాడీపేటలో లెక్కల ట్యూషన్ చెప్పేవాళ్లకి కొదవేం లేదు, అందులో నేనొకణ్ణి. ఆన్‌లైన్ మొదలుపెట్టిన కొత్తలో ఎవరు ఏది చెబితే అది దించేసి ల్యాప్‌టాప్ నింపేశాను. ఒక్కోదానికి ఒక్కో లాగిన్, ఒక్కో పాస్‌వర్డ్. వారం తిరక్కుండానే పిల్లలకంటే నాకే ఎక్కువ టెన్షన్ పట్టుకుంది. ఇప్పుడు వాడేవి ఆరేడే. వాటిని ఎలా ఎంచుకోవాలో వరసగా చెబుతాను.

మొదట యాప్‌ల జోలికే పోకండి. పిల్లల ఇళ్లకి ఫోన్ చేసి మూడే మూడు విషయాలు కనుక్కోండి: ఫోన్ ఎవరిది, ఏ టైముకి ఇంట్లో ఉంటుంది, నెట్ వైఫైనా లేక రోజువారీ ప్యాకా. "మాస్టారూ, మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి ఎనిమిదవుతుందండీ, ఫోన్ ఆయన దగ్గరే ఉంటుంది" అని ఒకావిడ చెప్పేదాకా, ఆ పిల్లాడు ఆరింటి క్లాసు కావాలనే ఎగ్గొడుతున్నాడనుకున్నాను. క్లాసు ఎనిమిదిన్నరకి మార్చాను, అంతే. రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్న ఇంట్లో సాయంత్రానికే సగం డేటా రీల్స్‌కి అయిపోతుంది కాబట్టి, పిల్లల వీడియోలు ఆపించి, బోర్డు, మాట మాత్రం వెళ్లేలా చూసుకోండి.

తర్వాత క్లాసు యాప్. ఉచిత ఖాతాలో జూమ్ 40 నిమిషాలకి ఆగిపోతుంది, గూగుల్ మీట్ ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలు ఇస్తుంది, రెండింట్లోనూ 100 మంది దాకా చేరొచ్చు. ఈ లెక్కలు మారుతుంటాయి, మొదలుపెట్టేముందు ఒకసారి సరిచూసుకోండి. నా ఓటు మీట్‌కే, ఎందుకంటే ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ ఎలాగూ ఉంటుంది, లింకు నొక్కితే చాలు.

అసలు తలనొప్పంతా బోర్డుతోనే. చాలామంది స్క్రీన్ మీదే రాసుకునే గూగుల్ జామ్‌బోర్డ్‌కి అలవాటుపడ్డారు, 2024 చివర్లో గూగుల్ దాన్ని మూసేసింది. అందుకే ఏ బోర్డు వాడినా, రాసిందంతా ఎప్పటికప్పుడు పీడీఎఫ్ చేసి దాచుకోండి. పెన్ ట్యాబ్లెట్ (ల్యాప్‌టాప్‌కి తగిలించి పెన్నుతో రాసే పలక) కొనాలని అందరూ చెబుతారు గానీ, ముందు ఇది చేసి చూడండి. మూరెడు ఎత్తు వచ్చేలా రెండు పక్కలా పప్పుల డబ్బాలు ఒకదానిమీద ఒకటి పెట్టండి. వాటిమీద అడ్డంగా రెండు చెక్క స్కేళ్లు వేసి, ఫోన్‌ని స్క్రీన్ పైకి, వెనక కెమెరా స్కేళ్ల సందులోంచి కిందికి చూసేలా పడుకోబెట్టండి. కింద గీతల్లేని తెల్ల కాగితం, లావుపాటి నల్ల పెన్ను. మే నెలలో ఫ్యాన్ ఆపి క్లాసు చెప్పడం గుంటూరులో మనిషివల్ల అయ్యే పని కాదు, కాబట్టి కాగితానికి క్లిప్పు తప్పదు. ల్యాప్‌టాప్‌తో ఒకసారి, ఈ ఫోన్‌తో ఇంకోసారి అదే మీటింగ్‌లో చేరి, ఫోన్‌లో మైకు, స్పీకర్ రెండూ ఆపేయండి, లేకపోతే గుయ్యిమని మోత.

జామెట్రీకి మాత్రం కాగితం చాలదు. జియోజీబ్రా అనే యాప్‌లో త్రిభుజం గీసి ఒక శీర్షాన్ని పట్టుకుని లాగుతుంటే, మూడు కోణాలు మారుతూనే ఉంటాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే ఉంటుంది. అది చూశాక రుజువు చెబితే పిల్లలు వింటారు. ఫిజిక్స్ వాళ్లకి అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లు పెట్టిన ఫెట్ అనే, స్క్రీన్ మీదే చేసే ప్రయోగాలున్నాయి, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. రెండూ ఉచితమే.

హోంవర్క్‌కి మొదట్లో వాట్సాప్ గ్రూపే పెట్టాను. ఆడపిల్లల నంబర్లు అందరికీ కనిపిస్తున్నాయని ఒక తండ్రి గట్టిగానే అడిగారు, ఆయన అడగడం న్యాయమే. గూగుల్ క్లాస్‌రూమ్‌లో కోడ్ ఇస్తే చేరిపోతారు, నంబర్ల గొడవ ఉండదు. వాట్సాప్‌లో పంపక తప్పని నోట్సు ఏదైనా ఉంటే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలు ఫొటోగా పంపితే అంకెలు అలుక్కుపోతాయి. టెస్టులకి గూగుల్ ఫారమ్స్: సెట్టింగ్స్‌లో క్విజ్ ఆన్ చేసి, జవాబులు ముందే ఇచ్చేస్తే మార్కులు అదే వేస్తుంది. కానీ జవాబు టైప్ చేయించే ప్రశ్నలతో జాగ్రత్త. నేను 5 అని ఇస్తే ఒకమ్మాయి "5 సెం.మీ." అని శుభ్రంగా రాసింది, సున్నా వచ్చింది, ఏడుపొక్కటే తక్కువ. అప్పట్నుంచి ఆప్షన్లే ఇస్తున్నాను.

రికార్డింగ్ ఉచిత మీట్‌లో రాదు. ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌ని రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో వేసుకుని, వీడియోని యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (వెతికితే దొరకదు, లింకు ఉంటేనే కనబడుతుంది) పెట్టండి, 15 నిమిషాలు దాటితే మీ ఫోన్ నంబర్ ఒకసారి ధ్రువీకరించమంటుంది. లింకు ఎవరి చేతికి చిక్కినా చూడగలరు కాబట్టి పిల్లల ముఖాలు, పేర్లు అందులో పడనీయకండి.

చివరగా, ఫీజు తీసుకునేముందు ఒక ట్రయల్ క్లాసు. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పాత ఫోన్ ఒక పిల్లాడికిచ్చి, వైఫై ఆపి, పక్క గదిలో కూర్చోబెట్టండి. నేను మా అక్క కొడుకుని కూర్చోబెట్టాను. పది నిమిషాలు చెమటలు కక్కుతూ వర్గసమీకరణం చెప్పాక, గోడ అవతల్నుంచి కేకేశాడు: "మావయ్యా, నీ చెయ్యి నీడే కనబడుతోంది, లెక్క కనబడట్లా!" టేబుల్ ల్యాంపు ఎడమవైపుకి జరిపి, మళ్లీ మొదట్నుంచి చెప్పాను.