ఆఫీసు నడుస్తుండగానే రిపేర్లు: సుత్తి దెబ్బ పడకముందే చూసుకోవాల్సినవి

సంక్రాంతి అయిపోయిందంటే గుంటూరులో, విజయవాడలో ప్రభుత్వ ఆఫీసులకు రిపేర్ల కాలం వచ్చినట్టే. వానలు ఉండవు, శాంక్షన్ అయిన డబ్బు చేతిలో ఉంటుంది, మార్చి 31 లోపు బిల్లులు పెట్టాలన్న తొందర ఉంటుంది. సొంత ఇల్లయితే సామాను సర్దుకుని నెల రోజులు పక్క వీధిలో అద్దెకుంటాం. ఆఫీసుకు ఆ వీలు లేదు. పైన స్లాబు చెక్కుతుంటే కింద తపాలు తీసుకుంటూనే ఉండాలి. పాసుపుస్తకం కోసం, సర్టిఫికెట్ కోసం, పింఛను కోసం వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు.

గుంటూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉన్నప్పుడు ఇలాంటి పని రెండుసార్లు దగ్గరుండి చేయించాను. మొదటిసారి రెండో రోజే జరిగింది ఒకటి చెప్తాను. టెర్రస్ మీద పాత సున్నపు పొర తీస్తున్నారు. కింద వరండాలో బెంచీ మీద పల్లెటూరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, అర్జీ కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుని కూర్చుంది. పైన దెబ్బకి కింద స్లాబు పెచ్చు ఊడింది. పీటంత వెడల్పు ఉంది. ఆమెకు మూరెడు దూరంలో పడి ముక్కలైంది. మా అటెండరు పరిగెత్తుకెళ్లి "మామ్మా, లే, లే, ఇటొచ్చెయ్" అని చెయ్యి పట్టుకుంటే, ఆమె "నాకేం కాలేదులే నాయనా, నా కాగితం ఏదీ?" అని ఆ దుమ్ములో వెతుక్కుంది. బెంచీ అక్కడే ఉంచింది మేమే. పైన పని జరుగుతోందని తెలిసీ ఉంచాం.

ఖాళీ భవనంలో చేసినట్టు మనుషులున్న భవనంలో పని చేయకూడదని నాకు ఆ రోజు అర్థమైంది. కాంట్రాక్టరు తన కూలీల లెక్కను బట్టి టైం టేబుల్ వేసుకుంటాడు. అందులో ఆయన తప్పేం లేదు. ఆఫీసు రోజు ఎలా నడుస్తుందో ఆయనకు తెలియదు కాబట్టి మనమే చెప్పాలి.

పని మొదలయ్యే ముందు ఒక పూటంతా భవనం తిరగండి. రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ, కాంట్రాక్టరు, ఎలక్ట్రీషియన్ ఉండాలి. వాళ్లతోపాటు ఆ ఆఫీసులో ఎక్కువ కాలంగా ఉన్న అటెండరునో వాచ్‌మన్‌నో తప్పకుండా వెంట పెట్టుకోండి. ఏ గోడలోంచి వైరు పోతోందో, ఏ మూల ఏటా చెమ్మ దిగుతుందో ప్లాన్ కాగితంలో ఉండదు, అతనికి తెలుస్తుంది. స్లాబు కింది వైపు చిన్న సుత్తితో తట్టిస్తూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల ఊచ తుప్పు పట్టి సిమెంటు విడిపోయినచోట డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీయించండి. ఆ పెచ్చులన్నీ ఒక రెండో శనివారమో ఆదివారమో, లోపల ఎవరూ లేనప్పుడు, కావాలనే రాల్చేయించాలి. ఆ తర్వాతే టెర్రస్ మీద సుత్తి పడాలి. మేం ఈ వరస తిరగేశాం, అందుకే ఆ పెచ్చు వరండాలో పడింది. తిరిగేటప్పుడే ప్రతి గదికీ తేదీ పడేలా ఫోటోలు తీసి ఉంచితే, ఏ పగులు పాతదో ఏది పనిలో వచ్చిందో తర్వాత వాదన ఉండదు.

మన రెండు ఊళ్లలోనూ బ్రిటిష్ కాలం నాటి కట్టడాల్లో నడుస్తున్న ఆఫీసులు ఇంకా ఉన్నాయి. సున్నంతో కట్టిన మందపాటి ఇటుక గోడలు, పైన టేకు దూలాలు పరిచి కట్టిన మద్రాస్ టెర్రస్. వీటిలో కాంక్రీటు పిల్లర్లు ఉండవు, పైబరువంతా గోడలే మోస్తాయి. "ఈ గోడ తీసేస్తే చాంబర్ విశాలంగా ఉంటుంది" అని ఏ ఆఫీసరు గారన్నా, స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగ్ మీద సంతకం పెట్టేదాకా ఆ గోడ మీద ఉలి పెట్టనివ్వకండి. మాట మీద చేసే మార్పులు ఇలాంటి చోటే ప్రాణం మీదికి తెస్తాయి.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. ఆఫీసు గదుల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 250 నుంచి 400 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. మీటరు ఎత్తు ఇసుక కుప్ప పోస్తే అదే చదరపు మీటరు మీద 1,500 కిలోలు దాటుతుంది. మెట్లు మళ్లీ మళ్లీ ఎక్కడం ఎందుకని కూలీలు ఇసుక, ఇటుకలు, సిమెంటు బస్తాలు మొదటి అంతస్తులో ఒకేచోట పోస్తారు. కింద గదిలో గుమాస్తాలు పని చేసుకుంటూ ఉంటారు. ఏ పూటకు కావాల్సింది ఆ పూటే పైకి ఎక్కించాలి, దాన్నీ గోడల వెంట పరచాలి. మేస్త్రికి ఇది మొదటి రోజే చెప్పండి.

మనుషులు నడిచే దారి, సామాను మోసే దారి ఎక్కడా కలవకూడదు. రెండు మెట్ల వరసలుంటే ఒకటి జనానికి, ఒకటి పనికి కేటాయించండి. ఒకటే ఉంటే సామాను మోత ఉదయం తొమ్మిదిన్నరలోపు, సాయంత్రం ఆఫీసు వదిలాక. బయటికి పోయే దారుల్లో ఒక్కటైనా తాళం లేకుండా, బస్తాలు అడ్డం లేకుండా ఎప్పుడూ తెరిచి ఉండాలి. ర్యాంపు తీసేస్తే అదే రోజు తాత్కాలిక ర్యాంపు వేయించండి. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ ఎక్కుతుంది, మూడడుగుల చెక్క వాలుగా పడేస్తే ర్యాంపు కాదు. మరుగుదొడ్లన్నీ ఒకేసారి పగలగొట్టనివ్వకండి. ముఖ్యంగా ఆడవాళ్ల మరుగుదొడ్డి మూస్తున్నారంటే, వేరేది నీళ్లతో సహా సిద్ధమయ్యాకే మూయాలి. మగ అధికారులకు ఇది తరచూ తట్టదు. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండే ఆడ ఉద్యోగులకు అది ప్రతి రోజూ నరకం.

ఏ సెక్షన్ ఏ గదికి మారిందో పెద్ద తెలుగు అక్షరాల్లో, బాణం గుర్తుతో బోర్డులు పెట్టండి. అంతకన్నా బాగా పనిచేసేది ఇంకోటుంది. గేటు బయట చెట్టు కింద అర్జీలు రాసేవాళ్లకి, జిరాక్సు షాపు వాళ్లకి ముందుగానే చెప్పండి. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మొదట అడిగేది వాళ్లనే.

చప్పుడు, దుమ్ము ఎక్కువగా వచ్చే పనులు ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పెట్టించాం రెండోసారి. ఎండాకాలంలో ఇది కూలీలకూ మేలు. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు చూసిన రోజులున్నాయి, పదకొండు నుంచి నాలుగు దాకా టెర్రస్ మీద మనిషిని ఉంచడం పాపం. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. ఆ రోజు జనం ఉన్నంతసేపూ సుత్తి, డ్రిల్లు ఏదీ వద్దు. రాత్రి పది దాటాక ఎలాగూ చప్పుడు చేయకూడదు, చుట్టుపక్కల ఇళ్లుంటాయి.

ఇక రికార్డు రూము. నా మనసంతా దీని మీదే ఉంటుంది, కాస్త వివరంగా చెప్పనివ్వండి.

కుర్చీ పోతే కొనుక్కోవచ్చు. ఒక ఊరి ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), పాత అడంగల్ (సాగు లెక్కల పుస్తకం), శాశ్వతంగా దాచాల్సిన ఆర్.డిస్ ఫైలు పోతే ఒక కుటుంబం ఇరవై ఏళ్లు కోర్టు చుట్టూ తిరుగుతుంది. "రిపేర్ల టైంలో ఎక్కడో పోయిందండీ" అన్న జవాబు ఏ రైతుకూ ఇవ్వాల్సిన అవసరం రాకూడదు. అందుకని ఫైళ్లు కదిలించే ముందు ర్యాక్‌వారీగా జాబితా రాయండి. ప్రతి కట్టకూ నంబరు, ప్రతి పెట్టెకూ నంబరు. పెట్టె కట్టేటప్పుడు రికార్డు అసిస్టెంటు, సెక్షన్ సీనియర్ అసిస్టెంటు ఇద్దరూ సంతకాలు పెట్టాలి, దించుకునేటప్పుడు అదే జాబితా మీద మళ్లీ అదే ఇద్దరూ. మోసేది బేల్దారి కూలీలైనా పక్కన మన మనిషి నడవాలి. శాశ్వతంగా ఉంచాల్సిన రికార్డులు, గ్రామ పటాలు వీలైతే ముందే స్కాన్ చేయించండి.

ఆ పెట్టెలు పెట్టే గది ఎలాంటిదో చూసుకోండి. పైన వాటర్ ట్యాంకు గానీ మరుగుదొడ్డి గానీ ఉండకూడదు. నేల మీద నేరుగా పెట్టకుండా ఆరంగుళాల ఎత్తు చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పేర్చాలి. చెదలు ముందుగా గోడ వెంటే వస్తాయి. గది తాళం చెవి కాంట్రాక్టరు చేతికి వెళ్లకూడదు.

మాకు ఇంత తెలిసీ ఒకసారి దెబ్బ తగిలింది. శనివారం సాయంత్రం ప్లంబర్ పైపు విప్పి, మూతి బిగించకుండా గుడ్డ కుక్కి వెళ్లిపోయాడు. ఆదివారం ట్యాంకు నిండింది, గుడ్డ ఊడింది. సోమవారం తలుపు తీస్తే కింది ర్యాకు ఫైళ్లు ముద్దగా ఉన్నాయి. అప్పుడు చేసింది చెప్తాను, మీకూ పనికొస్తుంది. తడిసిన కాగితాలను బలవంతంగా విడదీయకండి, ఎండలో పరచకండి. ఎండకు కాగితం ముడుచుకుపోతుంది, సిరా వెలిసిపోతుంది. మెత్తని గుడ్డతో పైన అద్ది, వీలైనచోటల్లా మధ్యలో అచ్చులేని తెల్ల కాగితాలు పెట్టి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టండి. తెల్ల కాగితం తడవగానే మార్చాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది కాబట్టి ఆ నలభై ఎనిమిది గంటలు వేరే పని పెట్టుకోకూడదు. మేం నలుగురం రాత్రి పదకొండు దాకా కూర్చుని ఒక్కో పేజీ తిప్పాం. రెండు కట్టలు తప్ప అన్నీ దక్కాయి. అప్పటి నుంచి నీళ్లు, కరెంటు ఏది ఆపాలన్నా, తిరిగి ఇవ్వాలన్నా కాగితం మీద ఇద్దరి సంతకం ఉండాలని, వాల్వు కట్టేశాక మా మనిషి వెళ్లి చూడాలని పెట్టుకున్నాం.

కాగితాలున్న చోట నిప్పు గురించి వేరే చెప్పాలా? గ్రిల్లు వెల్డింగ్ వీలైనంతవరకు ఆవరణలో చేయించి లోపలికి తెచ్చి బిగించాలి. లోపలే చేయక తప్పకపోతే పక్కన మంటలార్పే సిలిండరు, ఇసుక బకెట్లు ఉంచి, పని అయిపోయాక గంటసేపు ఒక మనిషిని అక్కడే కూర్చోబెట్టండి. నిప్పురవ్వ కట్టల మధ్య దూరి నిదానంగా రాజుకుంటుంది. థిన్నర్ డబ్బాలు రాత్రిపూట లోపల ఉంచనివ్వకండి.

పాత వైరింగ్ ఉన్న భవనంలో డ్రిల్లు వేసే ముందు ఆ గదికి సరఫరా తీసేయించి, మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, చెవి పని చేసేవాడి జేబులోనే ఉంచండి. పనికి ఆఫీసు ప్లగ్గుల నుంచి కరెంటు ఇవ్వొద్దు, వేరే బోర్డు పెట్టించి దానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) బిగించాలి. ప్లగ్గు లేకుండా వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం నేను కళ్లారా చూశాను, అదీ సిమెంటు గట్టిపడటానికి పట్టిన క్యూరింగ్ నీళ్లు నిలిచిన నేల మీద. కనపడిన క్షణమే ఆపించండి.

దుమ్ము అంటే ఒళ్లు మురికవడం ఒక్కటే కాదు. ఇటుక, కాంక్రీటు, గ్రానైటు కోసినప్పుడు వచ్చే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. నీళ్లు పోస్తూ కోయించండి, కోసేవాడికి ఎన్95 మాస్కు ఇప్పించండి. పాత పెయింటును పొడిగా గీకించకండి, అందులో సీసం ఉండొచ్చు. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసిన పొరలు గోడల మీదే ఉన్నాయి. సైకిల్ షెడ్డు ఆస్‌బెస్టాస్ రేకులను పగలగొట్టకూడదు. తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగానే దించాలి. వాటి మీద నడిచి కిందపడ్డవాళ్లు ఎంతోమంది, అడ్డంగా చెక్క వేసుకోమనండి.

పరంజా సర్వీ బాదులదైనా పైపులదైనా గోడకు కట్టి ఉండాలి, ఆరడుగులు దాటితే బెల్టు ఉండాలి. కూలీలకు తాగునీళ్లు, నీడ, ఆడకూలీలకు మరుగుదొడ్డి ఆఫీసు బాధ్యతగానే చూడండి. పిల్లలను పనిచోటికి తెచ్చుకుంటే కోప్పడి పంపేయకుండా గేటు దగ్గర నీడలో ఒక చోటు చూపించండి.

టెర్రస్ పని జూన్ మొదటి వారానికల్లా ముగియాలి. ఆలస్యమైతే, సాయంత్రానికి మళ్లీ మూయగలిగినంత మేరే తెరవండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన వానను చూశాం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వానాకాలం పోయిందని డిసెంబరులో టెర్రస్ తెరవడం మన జిల్లాల్లో కుదరదు. శిథిలాలు ఏ రోజువి ఆ రోజే తీయించాలి, అవి టెర్రస్ మీది నీటి గొట్టాల్లో, వీధి కాలవల్లో పడితే చిన్న జల్లుకే నీళ్లు నిలుస్తాయి.

మార్చి 31 టెన్షన్‌లో జరిగే తప్పు ఇంకొకటి. మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటుకైనా కనీసం ఏడు రోజులు, ఫ్లై యాష్ లాంటివి కలిపిన మిశ్రమ సిమెంటుదైతే పది రోజులు నీళ్లు పట్టాలి. ఆధారానికీ ఆధారానికీ మధ్య నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద ఆనింపు కర్రలు పద్నాలుగు రోజులు ఉండాలి. బిల్లు కోసం వీటిని తగ్గించమంటే, ఒప్పుకునేది లేదని రాసివ్వండి.

రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి పది నిమిషాలు మేస్త్రి, ఆఫీసు మనిషి కలిసి ఆ రోజు పని ఎక్కడో చూసుకోవాలి. ఆ ఆఫీసు మనిషికి ఎవరినీ అడక్కుండా పని ఆపించే అధికారం ఉందని ఏఈ, కాంట్రాక్టరు ఇద్దరికీ రాతపూర్వకంగా తెలియజేయండి. మాకు రెండోసారి ఆ పని చేసింది మా అటెండరే. మామ్మ చెయ్యి పట్టుకుని లాగిన అతనే.

పని అయిపోయిందని చెప్పాక మొదటి పెద్ద వాన పడ్డ రోజు గొడుగేసుకుని పై అంతస్తు గదులన్నీ తిరగండి. చెమ్మ కనపడినచోట గీత గీసి, పక్కన తేదీ రాసి, ఫోటో తీసి ఏఈకి పంపండి. కాంట్రాక్టరు డిపాజిట్ వెనక్కి ఇచ్చేలోపు ఆ గీతలన్నీ ఆరిపోయి ఉండాలి.