సైకిల్ పంక్చర్ ఇంట్లోనే వేసుకోవడం ఎలా?

పొద్దున పంక్చర్ వేసుకుంటే సాయంత్రానికి మళ్లీ గాలి దిగిపోయిందని వాపోయేవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట తప్పు చేస్తారు. అక్కడికి వస్తాను. ముందు తేలిక పనులు కానిచ్చేద్దాం.

ప్లాస్టిక్ టైర్ లివర్లు రెండు, గరుకు కాగితం, సొల్యూషన్, ప్యాచ్, పంపు, బకెట్లో నీళ్లు చాలు. స్క్రూడ్రైవర్ మాత్రం దగ్గర్లో కూడా ఉండకూడదు. దాంతో టైరు ఊడదీస్తే ఒక చిల్లికి మూడవుతాయి.

1. చక్రం విప్పి, గాలి తీసేసి, టైరు ఒక అంచును లివర్లతో పైకి లేపి ట్యూబు లాగండి. వాల్వు ఎక్కడుందో టైరు మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి.

2. ట్యూబులో కాస్త గాలి కొట్టి నీళ్లలో ముంచండి. బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టి, వాల్వును సుద్ద గుర్తుకు ఎదురుగా ఉంచి ట్యూబును టైరు పక్కన పెట్టి చూస్తే ముల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. దాన్ని తీయకుండా ఎంత బాగా అతికించినా దండగే. టైరు లోపల గుడ్డతో తడమండి, ఉత్త వేలితో వద్దు. చిల్లి రిమ్ము వైపు ఉంటే ముల్లు కోసం వెతక్కండి, అది చాలావరకు స్పోకు చివర పొడుచుకున్నదే.

3. తడి తుడిచి, ప్యాచ్ కంటే కాస్త వెడల్పుగా గరుకు కాగితంతో రుద్దండి. ట్యూబు మీద సన్నటి అచ్చు గీత ఉంటే అది పూర్తిగా పోవాలి. లేదంటే దాని పక్క సందులోంచి గాలి జారిపోతుంది.

4. ఇక అసలు పని. సొల్యూషన్ పల్చగా పూసి, ఆగండి. తడిగా ఉండగానే ప్యాచ్ అంటించేస్తారు చూడండి, ఆ తప్పే నేను చెప్పింది. ఇది కాగితాలు అతికించే జిగురు కాదు. ప్యాచ్ అడుగున ఉన్న రబ్బరు పట్టుకునేది ఆరిన పొరనే. తడి మీద అంటిస్తే ద్రావకం లోపలే చిక్కుకుపోయి, టైరు వేడెక్కగానే ప్యాచ్ అంచు లేస్తుంది.

కనీసం 5 నిమిషాలు. తడి మెరుపు పోయి మసకబారాలి. నోటితో ఊదకండి, ఊపిరిలోని తేమ తగులుతుంది. ఆరిందా అని వేలితో ముట్టుకోకండి, ముట్టుకున్నారా మళ్లీ రుద్దడం దగ్గర్నుంచి మొదలు. ఆగలేకపోతే వెళ్లి టీ పెట్టుకోండి, నేను అదే చేస్తాను. తర్వాత ప్యాచ్ పెట్టి, మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కండి. పైనున్న పల్చటి ప్లాస్టిక్ కాగితం వదిలేయండి, పీకితే ప్యాచ్ కూడా లేచొస్తుంది.

సొల్యూషన్ అక్కర్లేని స్టిక్కర్ ప్యాచ్‌లు సులువు కదా అంటారు. దారిలో ఆగిపోతే ఇల్లు చేరేదాకా సరే. ఇంట్లో కూర్చుని అవి వాడడం బద్ధకం.

5. ట్యూబుకు కొంచెం ఆకారం వచ్చేంత గాలి పట్టించి టైరులో పెట్టండి. టైరు అంచును రిమ్ములోకి ఎక్కించడం వాల్వుకు ఎదుటి వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి, చేతులతోనే. చుట్టూ ఎక్కడైనా ట్యూబు టైరు అంచు కింద నలిగిందేమో చూసి, టైరు పక్కన అచ్చేసిన గాలి ఒత్తిడి అంకె దాటకుండా గాలి కొట్టండి.

ఒకసారి తెరిచిన సొల్యూషన్, మూత ఎంత బిగించినా, మళ్లీ పంక్చర్ అయ్యేనాటికి ఎండిపోయి ఉంటుంది. ఇప్పుడే కొత్తది ఒకటి తెచ్చి పెట్టుకోండి.