పొరల ఖనిజాలను సాల్వెంట్‌లో విడదీసేవారికి వేసవి జాగ్రత్తలు

తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లలో మెరిసే గ్రాఫైట్ అయినా, బజారులో కొన్న మాలిబ్డినం డైసల్ఫైడ్ అయినా, పొరల ఖనిజాన్ని సాల్వెంట్‌లో వేసి అల్ట్రాసౌండ్‌తో పలుచని రేకులుగా విడదీయడం చిన్న ప్రయోగశాలలకూ అందుబాటులోకి వచ్చింది. గ్రాఫైట్‌తో ఈ పని ఎన్‌ఎంపీ అనే సాల్వెంట్‌లో సాధ్యమని డబ్లిన్ పరిశోధకులు 2008లో చూపారు. ఇందులో భయపడవలసింది రాయికి కాదు, సాల్వెంట్‌కే. విశాఖపట్నం ఎండల్లో ఆ భయం మరింత అవసరం.

ఎన్‌ఎంపీ 202 డిగ్రీల వద్ద గాని మరగదు కనుక చాలామంది దాన్ని తేలికగా తీసుకుంటారు. కాని అది చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది, గర్భస్థ శిశువుకు హాని చేయగలదు. ఈ సంగతిని గైడ్ మొదటి రోజే అందరికీ కలిపి చెప్పాలి. అప్పుడు గర్భవతి అయిన విద్యార్థిని తన విషయం బయటపెట్టకుండానే ఆ పని నుంచి తప్పుకోగలుగుతుంది. పలుచని నైట్రైల్ తొడుగులు దీన్ని ఎక్కువసేపు ఆపలేవు కాబట్టి బ్యూటైల్ రబ్బరువి వాడాలి.

అల్ట్రాసౌండ్ పుట్టించే యంత్రమైన సోనికేటర్ తొట్టిలోని నీరు దానంతట అదే వేడెక్కుతుంది. మే నెలలో ఆ నీరు మొదటే గోరువెచ్చగా ఉంటుంది. ఈ పనికే వాడే మరో సాల్వెంట్ డీఎంఎఫ్ ఆవిరి సుమారు 58 డిగ్రీల దగ్గర నిప్పు అందుకోగలదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కైతే 12 డిగ్రీలే చాలు, అంటే మన ఊళ్లో చలికాలంలో కూడా అది అంటుకునే స్థితిలోనే ఉంటుంది. అందుచేత తొట్టి నీటిలో ఐసు వేసి, కరిగేకొద్దీ మారుస్తూ ఉండాలి. సముద్రపు తేమ చల్లని సీసా మెడ మీద చెమటలా పడుతుంది. ఎన్‌ఎంపీ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి మూత తీసేముందు పొడిగుడ్డతో తుడవాలి.

కరెంటు పోయినప్పుడు సోనికేటర్ స్విచ్ తప్పక కట్టేయాలి. లేకపోతే ఐసు కరిగిపోయి, మనిషి లేని గదిలో, కరెంటు రాగానే అది మళ్లీ మొదలవుతుంది. ఇన్వర్టర్ ఉంటే ముందుగా ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌కే కలపాలి, ఎందుకంటే ఈ ఆవిర్లు గాలికన్నా బరువైనవి, నేల దగ్గరే నిలుస్తాయి.

సెంట్రిఫ్యూజ్‌లో (గొట్టాలను వేగంగా తిప్పి, విడిపోని ముక్కలను అడుక్కు దించే యంత్రం) ఎదురెదురు గొట్టాలను కంటితో కాక త్రాసుతో సరిచూడాలి. ఒకసారి మేము పాలికార్బొనేట్ గొట్టంలో ఎన్‌ఎంపీ పోశాము. దాని గోడ పాలలా తెల్లబడి, నెర్రెలు విచ్చింది. అదృష్టవశాత్తు అప్పటికింకా తిప్పలేదు. పాలీప్రొపిలీన్ గొట్టాలే వాడండి.

కడ్డీని నేరుగా ద్రవంలో ముంచే ప్రోబ్ సోనికేటర్ దగ్గర చెవులకు రక్షణ ఉండాలి. విడదీసిన రేకులను ఎండబెట్టి గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కనుక తడిగానే ఉంచాలి. మిగిలిన సాల్వెంట్‌ను సింకులో పోయకుండా, పేరూ తేదీ రాసిన డబ్బాలో పైన కొంత ఖాళీ వదిలి, ఎండ తగలని చోట భద్రపరచాలి.