కెన్యాలో పీహెచ్‌డీ ఫీల్డ్‌వర్క్: ముందు కాయితాలు, తర్వాతే ఫ్లైట్ టికెట్

యూకేలోనో జర్మనీలోనో పబ్లిక్ హెల్త్, ఎడ్యుకేషన్, బయాలజీ ఏదో ఒకటి చదువుతూ, గైడ్ గారి ప్రాజెక్టు పుణ్యమా అని ఫీల్డ్ సైట్ కెన్యాలో పడిందనుకోండి, ఎవరైనా మొదట అడిగేది డేటా ఎన్నాళ్ళలో అయిపోతుందనే. డేటాదేముందండీ, టీమ్ బాగా కుదిరితే నెలా రెండు నెలల పని. టైమంతా పోయేది దానికి ముందున్న పర్మిషన్ల దగ్గర, ఒక ఆరు నెలలు దానికే రాసిపెట్టుకోండి, తక్కువలో తేలితే మీ అదృష్టం. పైగా ఒకదాని తర్వాత ఒకటి వరసలో రావాలి, మధ్యలో ఒకటి ఎగ్గొట్టి ముందుకెళ్తే ఫైలు తిరిగి మన ఒళ్ళోకే వస్తుంది.

అసలు మొదలుపెట్టేముందు ఒకసారి ఆలోచించండి, మీకు కొత్త డేటా అంత అవసరమా? ఏడాది మాస్టర్స్ అయితే నేను వద్దనే అంటా. కెన్యా డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వే 2022 ది ఉంది, నైరోబీలోని కొరోగోచో, వివాండానీ బస్తీల్లో ఇంటింటి వివరాలు ఏపీహెచ్‌ఆర్‌సీ అనే సంస్థ ఏళ్ళ తరబడి సేకరించింది, వాళ్ళ డేటా పోర్టల్లో రిజిస్టర్ అయ్యి అడగొచ్చు. ఎడ్యుకేషన్ వాళ్ళకి ఉవేజో ఉంది, పిల్లలు చిన్న పేరా చదవగలరా, తీసివేత చేయగలరా అని ఇంటికెళ్ళి చూసే సర్వే. వినగానే ఎక్కడో విన్నట్టుందా, అవును, మన ప్రథమ్ వాళ్ళ అసర్ సర్వే చూసే దాన్ని కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో మొదలుపెట్టారు. మన దగ్గర అసర్‌కి వాలంటీరుగా ఊళ్ళు తిరిగినవాళ్ళకి ఆ టూల్ వెంటనే అర్థమైపోతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఉన్న డేటా వాడినా కూడా మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, అంటే రీసెర్చ్‌లో పాల్గొనేవాళ్ళకి అన్యాయం జరగకుండా చూసే కమిటీ, నుంచి మినహాయింపు లెటర్ అయినా తీసుకోవాల్సి రావొచ్చు.

లేదు, ఫీల్డుకి వెళ్ళాల్సిందే అంటే మొదట కావాల్సింది అక్కడి మనిషి. ఫారినర్లకి కెన్యాలో ఏదో ఒక యూనివర్సిటీనో రీసెర్చ్ సంస్థో అఫిలియేషన్ లెటర్, అంటే ఈ మనిషి మాతో కలిసి పనిచేస్తున్నారు అన్న లెటర్, ఇవ్వాలి, అది లేకుండా ఏ ఫారమూ కదలదు. ఆ లెటర్ కోసమే ఎవరో ఒక లెక్చరర్‌ని పట్టుకుని సంతకం పెట్టించుకుని, పేపర్ రాసేటప్పుడు ఆయన పేరు కూడా తలవనివాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. మొదటి మెయిల్‌లోనే రెండు పేజీల కాన్సెప్ట్ నోట్ పెట్టి, మీకు ఇందులో ఏ పార్ట్ మీద ఆసక్తి ఉంది, పేపర్‌లో ఆథర్‌గా ఉంటారా అని సూటిగా అడగండి. మెయిల్‌కి జవాబు రాకపోతే కంగారు పడొద్దు, చాలా పనులు అక్కడ వాట్సాప్‌లోనే నడుస్తాయి. ఆయనకి కూడా క్లాసులు, సొంత స్టూడెంట్లు, పేపర్లు దిద్దడం అన్నీ ఉంటాయి కదా.

తర్వాత ఎథిక్స్. కెన్యాలో గుర్తింపు ఉన్న కమిటీలు చాలా ఉన్నాయి, కెమ్రి అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థది, నైరోబీ యూనివర్సిటీ కెన్యాట్టా హాస్పిటల్ కలిపి నడిపేది, ఆమ్రెఫ్ అనే హెల్త్ స్వచ్ఛంద సంస్థది, ఎల్డోరెట్‌లో మోయ్ యూనివర్సిటీది, అలా. మామూలుగా మీ అఫిలియేషన్ ఎక్కడుంటే అక్కడి కమిటీకే వెళ్తారు. ఇక్కడే ఒక చిక్కుముడి ఉంటుంది. మీ యూకే యూనివర్సిటీ ఏమో కెన్యా అప్రూవల్ తెస్తే మేమిస్తాం అంటుంది, కెన్యా కమిటీ ఏమో మీ యూనివర్సిటీది ముందు చూపించు అంటుంది. పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టు ఉంటుంది వ్యవహారం. దీనికి మందు ఏంటంటే మీ యూనివర్సిటీని కండిషనల్ లెటర్ అడగడం, అంటే స్థానిక అప్రూవల్ వచ్చాకే పని మొదలవుతుంది అన్న షరతుతో ఇచ్చేది, చాలా చోట్ల ఇస్తారు, మనం అడగాలంతే.

కమిటీ వాళ్ళు మీ సైన్స్ ఎలాగూ చూస్తారు, కానీ ప్రోటోకాల్, అంటే మీ రీసెర్చ్ ప్లాన్ రాసిన డాక్యుమెంట్, వెనక్కి వచ్చేది ఎక్కువగా చిల్లర విషయాలకే. నాలుగో పేజీలో శాంపిల్ 384 అని, బడ్జెట్‌లో 400 మందికి ప్రయాణ ఖర్చులు అని ఉంటే పట్టుకుంటారు. ప్రతి డాక్యుమెంట్ కింద వెర్షన్ నంబరు, తేదీ వేయండి, కన్సెంట్ ఫారం (పాల్గొనేవాళ్ళ సమ్మతి పత్రం) వెర్షన్ 1.2 అయ్యి కవర్ లెటర్‌లో 1.1 అని ఉన్నా వెనక్కే. పాల్గొన్నవాళ్ళకి ఎంత ఇస్తారు, ఎంపెసాలో, అంటే అక్కడ ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతిలో, పంపుతారా చేతికిస్తారా అన్నది కూడా ముందే రాయాలి. ఎంపెసా అయితే ఫోన్ నంబరు మీ దగ్గరికి వచ్చేస్తుంది, 2019 డేటా ప్రొటెక్షన్ చట్టం ఉంది కాబట్టి ఆ నంబర్ల లిస్టు ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అనేది కూడా ఒక పేరాలో చెప్పేయండి. కన్సెంట్ ఫారం స్వాహిలీలో ఉంటే సరిపోతుందిలే అనుకోకండి, కిసుము వైపు పల్లెల్లో ముసలామెతో మాట్లాడాలంటే అక్కడి భాష ధొలువో కావాలి. ఒకరు అనువాదం చేశాక ఇంగ్లీషు ఫారం చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఎక్కడ తేడా కొట్టిందో అప్పుడు బయటపడుతుంది. మందుల ట్రయల్ అయితే ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు అప్రూవల్ వేరే, అది మళ్ళీ పెద్ద కథ.

ఇంత పట్టింపు ఎందుకయ్యా అని విసుక్కునేవాళ్ళు నైజీరియాలో కానోలో 1996 లో ఏం జరిగిందో చదవండి. మెనింజైటిస్ విజృంభించినప్పుడు పిల్లల మీద ట్రోవాన్ అనే మందు ట్రయల్ జరిగింది, తల్లిదండ్రులకి సరిగ్గా చెప్పారా లేదా అని కోర్టులకెక్కి, చివరికి 2009 లో ఫైజర్ కంపెనీ కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. ఆ తర్వాత ఏ ఆఫ్రికా దేశంలో అయినా కమిటీలు ఊరికే సంతకం పెడతాయని ఎలా అనుకుంటాం.

ఎథిక్స్ అప్రూవల్ చేతికొచ్చాక నాకోస్టి అనే ప్రభుత్వ సంస్థ. కెన్యాలో సైన్స్ అయినా, హెల్త్ అయినా, ఎడ్యుకేషన్ అయినా రీసెర్చ్ లైసెన్స్ ఇచ్చేది వీళ్ళే, 2013 చట్టం ప్రకారం. అంతా ఆన్‌లైనే, ప్రపోజల్, ఎథిక్స్ లెటర్, అఫిలియేషన్ లెటర్, పాస్‌పోర్టు, ఫోటో అప్‌లోడ్ చేసి ఫీజు కట్టాలి, ఫారినర్లకి ఫీజు ఎక్కువ. లైసెన్స్ ఏడాదికే, మీది రెండేళ్ళ పని అయితే రెన్యూవల్ తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఏయే కౌంటీల్లో చేస్తారో అప్లికేషన్‌లో రాసినవే లైసెన్స్ మీద వస్తాయి, మొత్తం 47 కౌంటీలు ఉన్నాయి, పక్క కౌంటీకి కూడా వెళ్ళే అవకాశం ఉంటే ముందే రాసేయడం మంచిది. వచ్చాక లైసెన్స్‌తో పాటు ఉండే కండిషన్స్ చదవండి, చాలామంది చదవరు. పని మొదలుపెట్టేముందు కౌంటీలో రిపోర్ట్ చేయాలి, శాంపిళ్ళు తీసుకెళ్ళాలంటే వేరే అనుమతి కావాలి, పని అయ్యాక ఫైనల్ రిపోర్ట్ వాళ్ళకి ఇవ్వాలి, ఇవన్నీ అక్కడే ఉంటాయి.

ఇప్పుడు కౌంటీ. 2010 రాజ్యాంగం వచ్చాక హెల్త్ కౌంటీ ప్రభుత్వాల చేతికి వెళ్ళింది, ప్రైమరీ, సెకండరీ స్కూళ్ళు మాత్రం జాతీయ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. అందుకని డిస్పెన్సరీలో పని అయితే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ లెటర్, స్కూల్లో అయితే కౌంటీ డైరెక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్ లెటర్, రెంటికీ కౌంటీ కమిషనర్ ఆఫీసులో, అంటే మన కలెక్టరేట్ లాంటి దాంట్లో, ముందు కనపడి రావాలి. అక్కణ్ణుంచి సబ్ కౌంటీ, ఆ కింద చీఫ్, అసిస్టెంట్ చీఫ్ అనే స్థానిక ప్రభుత్వాధికారులు. లైసెన్స్, లెటర్ల జిరాక్సులు పది పన్నెండు పట్టుకెళ్ళండి, ప్రతి ఆఫీసులో ఒకటి ఉంచుకుని మీ కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు కొట్టిస్తారు, ఆ స్టాంపు ఉన్న కాపీయే తర్వాతి ఆఫీసులో చెల్లుతుంది. అసిస్టెంట్ చీఫ్‌ని అడిగితే బరాజాలో, అంటే ఊరి మీటింగులో, మీ గురించి రెండు ముక్కలు చెప్తారు. కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్లని తోడు తీసుకెళ్ళండి, మన ఆశా వర్కర్లలా ఇల్లిల్లూ తెలిసినవాళ్ళు, వాళ్ళకి రోజు ఖర్చులు ఇవ్వడం బడ్జెట్‌లో పెట్టండి.

స్కూళ్ళ వాళ్ళకి ఇంకో మెలిక. పద్దెనిమిది లోపు పిల్లలైతే తల్లిదండ్రుల కన్సెంట్, పిల్లల అంగీకారం రెండూ కావాలి. సెకండరీ స్కూళ్ళు చాలా వరకు బోర్డింగ్, తల్లిదండ్రులు ఎక్కడో ఉంటారు. అందుకే ఫారాలు ముందు టర్ము చివర్లో పిల్లలతో ఇంటికి పంపడం గానీ, టర్ము మొదలయ్యే రోజు దింపడానికి వచ్చినప్పుడు గేటు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చోవడం గానీ చేయాలి. స్కూల్ ఏడాది జనవరిలో మొదలవుతుంది, అక్టోబరు, నవంబరుల్లో నేషనల్ పరీక్షలు, అప్పుడు వెళ్తే ప్రిన్సిపాల్ టీ ఇచ్చి పంపించేస్తారు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, మట్టి రోడ్ల మీద బండి దిగబడుతుంది. నా లెక్కన స్కూలు పనికి మే చివర్నుంచి జులై దాకా మంచి టైమ్. అపాయింట్‌మెంట్ స్వాహిలీలో చెప్తే అక్కడి గడియారం పొద్దున ఆరింటి నుంచి లెక్క, మూడు గంటలకి రమ్మన్నారంటే తొమ్మిదింటికి.

పక్క దేశాలకి ఇదే ఫార్మాట్ కాపీ కొట్టొద్దు. ఉగాండాలో ఎథిక్స్ కమిటీ తర్వాత యూఎన్‌సీఎస్‌టీ అనే జాతీయ సైన్స్ కౌన్సిల్ అనుమతి, జిల్లాలో రెసిడెంట్ డిస్ట్రిక్ట్ కమిషనర్‌ని కలవాలి. టాంజానియాలో హెల్త్‌కి నిమ్ర్ అనే వైద్య పరిశోధన సంస్థ, ఆ పైన కాస్టెక్ అనే సైన్స్ కమిషన్, తర్వాత రీసెర్చర్ల కోసం ఉండే క్లాస్ సీ రెసిడెన్స్ పర్మిట్, డేటా దేశం దాటాలంటే ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్. జాంజిబార్‌కి మళ్ళీ వేరే పర్మిషన్. నా మాట వింటే మూడు దేశాల పోలిక అనే ఆశ పీహెచ్‌డీలో పెట్టుకోకండి.

బయాలజీ వాళ్ళు శాంపిళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త. కెన్యాలో బోగోరియా సరస్సు అని వేడినీటి బుగ్గలుండే ఉప్పు సరస్సు ఉంది, 1990ల మొదట్లో అక్కడ సేకరించిన సూక్ష్మజీవుల్లోంచి వచ్చిన ఎంజైములు తర్వాత బట్టల పరిశ్రమ దాకా వెళ్ళాయి, మా వాటా ఏదని కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్ గొడవకి దిగింది. అందుకే మట్టి, రక్తం, ఆకు ఏదైనా సరే, మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్, అంటే శాంపిళ్ళు ఏ షరతుల మీద ఇస్తున్నారో రాసుకునే ఒప్పందం, మీద రెండు వైపులా సంతకాలు పడకుండా డ్రై ఐస్ బుక్ చేయకండి. అక్కడే చేయగలిగే టెస్ట్ అయితే అక్కడి ల్యాబ్‌లోనే చేయించండి, ఖర్చూ తగ్గుతుంది, అక్కడి స్టూడెంట్‌కి కూడా ఒక థీసిస్ చాప్టర్ వస్తుంది.

టూరిస్టునని చెప్పి దిగి ఫారాలు పంచడం మాత్రం చేయకండి, ఏ ఇమిగ్రేషన్ పాస్ కావాలో మీ అఫిలియేషన్ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి బాగా తెలుసు. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు, అపాయింట్‌మెంట్ సంగతి ముందే కనుక్కుని వెళ్ళండి. ఆ పసుపు కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి, ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు అది చూపించలేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోబెట్టొచ్చు.