నవారు మీద సరీసృపాల వంశవృక్షం: సైన్స్ ఫెయిర్‌కి ఇలా చేయండి

సైన్స్ ఫెయిర్ చార్టుల్లో కప్ప తర్వాత బల్లి, బల్లి తర్వాత మొసలి, ఆపైన పక్షి, చివర్న మనిషి వరుసగా నిలబడి ఉంటారు. పరిణామం అలా మెట్లెక్కలేదు, కొమ్మలేసింది. దాన్ని చూపించడానికి నవారు, ఊలు, గుండుసూదులు చాలు.

మంచానికి అల్లే నూలు నవారు మూడున్నర మీటర్లు తీసుకోండి. నైలాన్‌ది వద్దు, గట్టిగా లాగి కడితే సాగి కొలతలు మారిపోతాయి. సెంటీమీటరుకు పది లక్షల ఏళ్లు. కుడి కొసన కట్టడానికి పది సెంటీమీటర్లు వదిలి సున్నా పెట్టండి, అదే ‘ఈ రోజు’. ప్రతి గుర్తునీ సున్నా నుంచే కొలవాలి. కిందటి గుర్తు నుంచి కొలుచుకుంటూ పోతే చిన్న తేడాలన్నీ చివరికి పోగుపడతాయి. స్కెచ్ పెన్ నూలు మీద పాకుతుంది, పర్మనెంట్ మార్కర్ వాడండి.

315 సెంటీమీటర్ల దగ్గర, అంటే 31.5 కోట్ల ఏళ్ల కిందట, హైలోనోమస్, కెనడాలో దొరికిన బల్లిలాంటి చిన్న జీవి. 252 దగ్గర చాలా జీవజాతులు అంతరించిన పెర్మియన్ మహావినాశం. 230 దగ్గర తొలి డైనోసార్లు, 150 దగ్గర తొలి పక్షుల్లో ఒకటైన ఆర్కియోప్టెరిక్స్, 66 దగ్గర భూమిని పెద్ద ఉల్క ఢీకొన్న ఘటన. మన జాతికి దక్కేది మూడు మిల్లీమీటర్లే. దానికి మాత్రం బాల్‌పెన్ను.

అసలు పని ఊలుది. హైలోనోమస్‌కి కాస్త ఎడమవైపు, అంటే దానికన్నా కొంచెం ముందు కాలంలో, ఒకే గుండుసూది నుంచి రెండు రంగులు మొదలుపెట్టండి: ఒకటి సరీసృపాలది, రెండోది చివరికి క్షీరదాలకు చేరేది. వీపు మీద తెరచాపతో ఉండే డైమెట్రోడాన్ బొమ్మల ప్యాకెట్లో డైనోసార్లతోనే వస్తుంది కానీ అది మన దారానిది. కంటి వెనక పుర్రెకు దానికి ఒకటే రంధ్రం. డైనోసార్లకు రెండు. సరీసృపాల దారాన్ని 252 గీతకు ముందే చీల్చండి: ఒక పాయ బల్లులు, పాములకు, ఇంకోటి మొసళ్లు, డైనోసార్లకు. ఈ రెండో పాయ 250 ప్రాంతంలో మళ్లీ చీలుతుంది. పక్షుల దారం డైనోసార్ల దారంలోంచే, 150కి కాస్త ముందు రావాలి. 66 దగ్గర మిగతా డైనోసార్ల దారం కత్తిరించేయండి. అంటే జూపార్కులో మొసలికి గోడమీద బల్లికన్నా చార్మినార్ పావురమే దగ్గరి చుట్టం. జడ్జీలు అడిగేదీ ఇదే. తాబేలును జన్యువుల ఆధారంగా మొసళ్ల పాయ పక్కనే పెట్టండి.

మన డైనోసార్ కోటాసారస్‌ని మరవద్దు. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. తొలి జురాసిక్ జీవి కనుక చుక్క పెట్టకుండా 201 నుంచి 174 దాకా పట్టీ గీయండి. పళ్లు తప్ప పుర్రె దొరకలేదు, బొమ్మలో తల దగ్గర ‘ఊహ’ అని రాయాలి.

అలంకారానికి బంజారాహిల్స్ రాళ్లు తెచ్చి శిలాజాలని పెట్టకండి. అది కరిగిన శిల గడ్డకట్టిన గ్రానైటు, అందులో శిలాజాలుండవు, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఈ కొలతలో దానికి 25 మీటర్ల నవారు కావాలి.